పిల్లలతో కాగితపు ముద్దబంతులు ఎలా చేయాలి?

కత్తెర తీయకముందే ఒక ముద్దబంతి పువ్వు తెచ్చి పిల్లల చేతిలో పెట్టండి. రేకులు ఒక్కొక్కటీ పీకి న్యూస్‌పేపరు మీద వరసగా పరచమనండి. రేకు పైన వెడల్పుగా, అంచు అలలు అలలుగా ఉంటుంది. కిందికొచ్చేసరికి సన్నబడిపోతుంది. అడుగున పుల్లలాంటిది కనిపిస్తుంది, పువ్వు ఎండాక నల్లటి విత్తనమయ్యేది అదే. అంటే బంతి ఒక్క పువ్వు కాదు, ఒకే తొడిమలో ఒత్తుగా కూర్చున్న బుల్లి పువ్వుల గుత్తి. ఈ మాట చెప్పగానే మా పాప లెక్కపెట్టడానికి కూర్చుంది. డెబ్బై దాటాక లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత కాగితం కత్తిరించేటప్పుడు రేకు ఎలా ఉండాలో నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

నారింజ, పసుపు, ఆకుపచ్చ క్రేప్ కాగితాలు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, కొబ్బరి ఈనెలు, కుట్టుదారం, జిగురు ఉంటే చాలు. జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు పెద్ద చెంచాల మైదాను అరగ్లాసు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పాలి. చార్టు కాగితంతో మాత్రం ప్రయత్నించకండి. అది బిరుసుగా ఉండి చుట్టేకొద్దీ విచ్చుకుపోతుంది.

క్రేప్ కాగితానికి ముడతలే ప్రాణం. ముడతలకు అడ్డంగా లాగితే సాగుతుంది, నిలువుగా లాగితే సాగదు. పిల్లల్ని రెండు వైపులా లాగి చూడమనండి, వాళ్లకే తెలుస్తుంది. రేకులో ముడతలు కింది నుంచి పైకి నిలువుగా ఉండాలి. అప్పుడే అంచు సాగి అలలు తిరుగుతుంది. దిశ మారితే ఎంత శ్రద్ధగా చేసినా పువ్వు విచ్చుకోదు.

ఇలా ముడతలు నిలువుగా వచ్చేలా 5 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న పట్టీ కత్తిరించండి. దాన్ని నాలుగైదు మడతలు వేసి, పై అంచు నుంచి 3 సెంటీమీటర్ల లోతు వరకు, వేలి వెడల్పున గాట్లు పెట్టాలి. మడతలు ఎక్కువైతే చిన్న చేతులకు కత్తెర తెగదు. ప్రతి రేకు కొస గుండ్రంగా కత్తిరించి, పట్టీ విప్పండి. ఇప్పుడు రేకు అంచును రెండు చేతుల బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా పక్కలకు సాగదీయాలి. పిల్లలు ఎక్కువసేపు లీనమైపోయేది ఇక్కడే. రెండు మూడు రేకులు చిరుగుతాయి, చిరగనివ్వండి. పువ్వులో కలిసిపోయాక అవి కనబడవు.

పట్టీ అడుగున అక్కడక్కడా జిగురు చుక్కలు పెడుతూ ఈనె చుట్టూ చుట్టాలి. మొదటి రెండు చుట్లు బిగుతుగా, ఆ తర్వాత కొంచెం కుచ్చు పెడుతూ వదులుగా. చుట్టే పని పిల్లలది, దారం బిగించి కట్టే పని మీది. అడుగున ఆకుపచ్చ ముక్క చుట్టి తొడిమ చేయండి. జిగురు ఆరాక బయటి రేకుల నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసా కిందికి వంచుతూ పోతే పువ్వు గుండ్రంగా, నిండుగా వస్తుంది.

నాలుగేళ్లలోపు పిల్లలకు కత్తెర ఇవ్వకండి. గాట్లు పెట్టిన పట్టీ ఇస్తే రేకులు సాగదీయడం వాళ్లకూ వస్తుంది.

గుమ్మానికి దండ కావాలంటే ఈనె లేకుండా చుట్టి, తొడిమల్లోంచి సూదితో దారం ఎక్కించండి. ఆ పని పెద్దవాళ్లే చేయాలి. రెండు పువ్వుల మధ్య ఒక మామిడాకు గుచ్చితే ఆ పచ్చదనానికి నారింజ రంగు ఎత్తి చూపినట్టుంటుంది. వాన జల్లు తగిలేచోట కట్టకండి. క్రేప్ తడిస్తే రంగు దిగుతుంది, మా సున్నపు గోడ మీద ఆ చారలు ఇంకా ఉన్నాయి. గడప దగ్గర దీపం పెట్టే అలవాటుంటే, దండ కొసలు దానికి అందనంత పైకి కట్టండి.