న్యూరోజీనోమిక్స్ ల్యాబ్‌లో ఎవరి పని ఏంటి: వంశవృక్షం నుంచి వేరియంట్ దాకా

పిల్లల్లో మూర్ఛ, ఎదుగుదల ఆలస్యం వంటి జబ్బులకు జన్యు కారణం (వేరియంట్, అంటే జన్యువులో మార్పు) వెతికే యూనివర్సిటీ ల్యాబ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అయితే తప్పులు ఎక్కువగా దొర్లేది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి సమాచారం వెళ్లే చోట. డాక్టర్ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో, విశ్లేషకులు అక్కడి ఎన్ఐటీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో, సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు చదవడం) హైదరాబాద్‌లో ఉంటే ఈ చేతులు మారడం ఇంకా ఎక్కువ. కాబట్టి కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం కోడ్ జోలికి పోకుండా, కుటుంబాలతో జన్యు జబ్బుల గురించి మాట్లాడే జెనెటిక్ కౌన్సెలర్ పక్కన కూర్చోవాలి.

కౌన్సెలర్ పని మూడు తరాల వంశవృక్షం గీయడం. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు ఉంటే లోపల నలుపు, దగ్గరి సంబంధపు పెళ్లికి రెండు గీతలు. గీయడం పది నిమిషాల పని, అడగడంలోనే నేర్పు ఉంది. "మేనరికమా?" అని ఊరుకుంటే "కాదు, బయటి సంబంధమే" అని జవాబు రావచ్చు. అందుకే "పెండ్లికి ముందు మీ రెండిండ్ల మధ్య చుట్టరికం ఉన్నదా అమ్మా? ఏ వరస?" అని అడగాలి. అప్పుడు అక్క బిడ్డను చేసుకున్నదీ, తాతల నాటి మేనరికమూ బయటికొస్తాయి. పెదనాన్న కొడుకును కూడా అన్నే అంటారు కాబట్టి, ప్రతి అన్నాతమ్ముడి గురించీ "ఒక్క తల్లి పిల్లలేనా?" అని తేల్చుకోవాలి. ఉత్తర తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే తల్లి, బాపు అంటే తండ్రి. వేరే జిల్లా నుంచి వచ్చిన విద్యార్థి అవ్వను నాయనమ్మ గడిలో రాస్తే ఒక తరమే తారుమారవుతుంది. పుట్టి పోయిన పిల్లలు, గర్భస్రావాల గురించి చివర్లో, మెల్లగా, చుట్టూ జనం లేనప్పుడు అడగాలి. ఆ గడులు ఖాళీగా వదిలేస్తే అంతర్లీన వారసత్వం (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ మారిన కాపీ వస్తేనే జబ్బు రావడం) ఉందన్న ఆధారమే పోతుంది.

అంగీకార పత్రం తెలుగులో ఉంటే సరిపోదు, చదివి వినిపించాలి. 2017 భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, ఆపైన 18 లోపు వారి నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. దానికి తోడు తల్లిదండ్రుల సంతకమూ ఉండాలి.

రక్తం టెక్నీషియన్ పని. రక్తం గడ్డకట్టనివ్వని ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 2 నుంచి 3 మిల్లీలీటర్లు తీసి, వెంటనే 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. ఆకుపచ్చ మూత ట్యూబు వాడొద్దు. అందులోని హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్ఏ కాపీలు పెంచే పద్ధతిని) అడ్డుకుంటుంది. లేబుల్ మూత మీద కాదు, ట్యూబు మీదే. మూతలు మారిపోతాయి. మే ఎండలో హైదరాబాద్ పంపేటప్పుడు థర్మాకోల్ పెట్టెలో ఐస్‌ప్యాక్‌కూ ట్యూబుకూ మధ్య కాగితం మడతలు పెట్టాలి. నేరుగా తగిలితే రక్తం మంచులా గట్టిపడి కణాలు పగులుతాయి. డీఎన్ఏ తీశాక దాని శుద్ధిని చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి. పరిమాణాన్ని క్యూబిట్ పరికరంతో కొలవాలి.

ఇక శాంపిల్ షీట్. ఇది ఒక్కరి బాధ్యతే కావాలి, ఇద్దరు దిద్దితే రెండు వెర్షన్లు తయారవుతాయి. ఆరు గడులు: కుటుంబం, వ్యక్తి, తండ్రి, తల్లి, లింగం, జబ్బు. పేర్లు ఉండకూడదు. ఐడీకీ పేరుకూ లంకె కౌన్సెలర్ దగ్గరే తాళం కింద ఉండాలి. ప్లింక్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో జబ్బు లేనివారికి 1, ఉన్నవారికి 2, తెలియకపోతే 0. అలవాటుగా 0, 1 అని రాస్తే రోగులంతా ఆరోగ్యవంతులై, ఆరోగ్యవంతులు లెక్కలోంచే పోతారు. ఎర్రర్ మెసేజ్ కూడా రాకపోవచ్చు. ఎక్సెల్‌లో తెరిస్తే కొన్ని జన్యువుల పేర్లు తేదీలైపోవచ్చు. ఈ బెడద వల్లే 2020 నాటికి జన్యువుల నామకరణ కమిటీ సెప్ట్1ను సెప్టిన్1గా మార్చింది. పాత ఫైళ్లలో పాత పేర్లే ఉంటాయి కాబట్టి షీట్లను టెక్స్ట్ ఫైలుగానే దాచాలి.

సీక్వెన్సింగ్ నుంచి ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (చదివిన డీఎన్ఏ అక్షరాలు) రాగానే, ఫైలు చెడలేదని చెప్పే ఎండీ5 కోడ్ సరిచూసి, రెండో చోట కాపీ పెట్టాకే విశ్లేషణ మొదలుపెట్టాలి. వేరియంట్ల వేటకు ముందు రెండు పరీక్షలు తప్పనిసరి. ఒకటి, ఎక్స్, వై క్రోమోజోములను బట్టి లింగం షీటుతో కలుస్తుందా? రెండు, కింగ్ వంటి టూల్‌తో బంధుత్వం. తల్లిదండ్రి-బిడ్డ, తోబుట్టువుల మధ్య బంధుత్వ గుణకం 0.25 దగ్గర, మేనమామ-మేనకోడలికి 0.125, మేనబావ-మరదలికి 0.0625 రావాలి. భార్యాభర్తల మధ్య ఎంత గుణకం ఉంటే, బిడ్డ జన్యురాశిలో సగటున అంత భాగం రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వస్తాయి. అక్క బిడ్డను చేసుకున్న ఇంట్లో అది సుమారు 12.5 శాతం. తరతరాల మేనరికం ఉంటే ఈ అంకెలు పెరగొచ్చు, దాన్ని చూసి శాంపిళ్లు కలుషితమయ్యాయని కంగారుపడొద్దు.

తండ్రి-బిడ్డ సంబంధం కలవకపోతే మొదట ట్యూబులు మారాయేమో చూడాలి. అదే సమయంలో ఇంకో కుటుంబంలోనూ తేడా కనబడితే మారినట్టే. అలా కాకపోతే ఆ మాట ల్యాబ్ హెడ్‌కు, కౌన్సెలర్‌కు తప్ప ఎవరికీ చెప్పొద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఒక ఇల్లు కూలిపోయేంత విషయం అది.

వడపోతలో జబ్బు అంతర్లీనమైతే జనాభాలో 1 శాతం కన్నా అరుదైన, బిడ్డలో రెండు కాపీలూ ఉన్న వేరియంట్లను ముందు చూడాలి. జనాభా డేటాలో మనవాళ్లు తక్కువ. 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ జన్యు డేటా మూడో దశలో ఉన్న తెలుగువారు బ్రిటన్‌లో స్థిరపడ్డ 102 మందే. ఒక కులంలోనే పేరుకున్న వేరియంట్ అందులో కనిపించకపోవచ్చు. వైశ్యుల్లో బీసీహెచ్ఈ అనే జన్యువులోని మార్పు ఇందుకు తెలిసిన ఉదాహరణ. అందుకే అదే సామాజిక వర్గంలోని ఆరోగ్యవంతుల డేటాతో పోల్చకుండా "అరుదు" అని రాయొద్దు. తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు ఎక్సోమ్‌లో (ప్రొటీన్లకు సూచనలిచ్చే డీఎన్ఏ భాగంలో) సాధారణంగా ఒకటీ రెండుకు మించవు. ఇరవై వస్తే జబ్బు దొరికిందని సంబరపడకుండా, తల్లిదండ్రుల కవరేజీ (వాళ్ల డీఎన్ఏలో ఆ చోటును ఎన్నిసార్లు చదివారో) చూడండి.

మిగిలిన వేరియంట్‌ను శాంగర్ సీక్వెన్సింగ్‌తో తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురిలోనూ ధ్రువపరచాలి. తర్వాత అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థ (ఏసీఎంజీ) 2015 నియమాలతో, అది జబ్బు కలిగించేదో కాదో వర్గీకరించి డాక్టర్‌కు పంపాలి. కుటుంబానికి చెప్పేది డాక్టర్, కౌన్సెలర్ మాత్రమే. ఆ తల్లి మళ్లీ గర్భవతి అయితే తేదీ ముందే అడిగి రాసుకోండి, నివేదికల వరుసలో ఆ ఇల్లు ముందుకు రావాలి.