విప్పెట్ పరుగెత్తనంటే: తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి

మా కుక్క పేరు పిచ్చుక. విప్పెట్ అనే సన్నటి పరుగు జాతి. ఆడది, పదకొండున్నర కిలోలు. పక్కనుంచి చూస్తే ముడిచిన గొడుగుకి నాలుగు కాళ్లు అతికించినట్టుంటుంది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల వైపు పొలాల్లో నేను, మా బావ, కారవాన్ హౌండ్లు (మన దేశపు వేటకుక్కల జాతి) పెంచుకునే మరో ఇద్దరు స్నేహితులు కలిసి రెండు శీతాకాలాలుగా వీటిని పరుగెత్తిస్తున్నాం. ఈ రెండేళ్లలో ఏమేం చెడిందో, ఎందుకు చెడిందో, ఎలా బాగుపడిందో రాసుకున్న నోటుపుస్తకం ఒకటుంది. ఇది అందులోంచే.

ముందు ఒక మాట. మన వైపు కుక్కల పరుగు అనగానే జనం కోడిపందెం లెక్కన చూస్తారు. ఇందులో డబ్బు కాయడం ఉండదు, ప్రాణమున్న ఎర ఉండదు. కుందేలును తరిమించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆట ఏమిటంటే, 200 గజాలు, అంటే 183 మీటర్లు, తిన్నగా ఉన్న నేల మీద దారానికి కట్టిన ప్లాస్టిక్ కవరు ముందు పోతుంటే కుక్క వెనక పరుగెత్తాలి. ఉత్తర ఇంగ్లండ్‌లో గని కార్మికుల పేటల్లో పెరిగిన ఆట ఇది. అప్పట్లో దారాన్ని లాగే మెషినూ లేదు, ఏమీ లేదు. యజమాని అవతలి చివర నిలబడి గుడ్డ ఊపితే కుక్క ఆ గుడ్డ కోసం పరుగెత్తుకొచ్చేది.

ఏడాది నిండని కుక్కకి ఈ దూరం వద్దు. ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు. అప్పటిదాకా ఇంటి ముందు ఆట చాలు.

కవరు వైపు చూస్తుంది, కదలదు

ఎక్కువమంది ఇక్కడే "మా కుక్కకి ఆసక్తి లేదు" అని వదిలేస్తారు. నూటికి తొంభై సార్లు తప్పు కవరుది, లేదా దాన్ని లాగే మనిషిది. విప్పెట్ కంటితో వేటాడే జాతి. కదలని వస్తువు దానికి కనపడనట్టే. కవరు నేల మీద అలా పడి ఉండగా కుక్కని తీసుకొచ్చి "ఊఁ, పో" అంటే అది మీ మొహం చూస్తుంది.

ఆరడుగుల వెదురుకర్రకి రెండు మీటర్ల తాడు, తాడు చివర గలగలలాడే తెల్ల ప్లాస్టిక్ కవరు కట్టండి. పెరట్లో గుండ్రంగా తిప్పుతూ, ఆపుతూ, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు లాగండి. రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకా కావాలని కుక్క గెంతుతుండగానే ఆపేసి కర్రని అటక మీద పెట్టేయాలి. నేను మొదట్లో సరదా కొద్దీ అరగంట ఆడించేవాణ్ణి. నాలుగో రోజుకి పిచ్చుక కర్రని చూసి వెళ్లి పడుకుంది. ఆటకి చివర ఒకసారి పట్టుకోనివ్వాలి, పీకనివ్వాలి. ఎప్పటికీ అందని దాని వెనక ఎన్నాళ్లు తిరుగుతుంది?

కర్ర దగ్గర బాగా ఆడి, పొలంలో మాత్రం కదలకపోతే మెషిన్ చప్పుడుకి బెదురుతోందేమో చూడండి. మెషిన్‌కి వంద అడుగుల దూరంలో కట్టి, అది తిరుగుతున్నంతసేపూ ఏదో ఒకటి తినిపిస్తే వారంలో అలవాటు పడుతుంది.

సగం దాకా వచ్చి ఆగిపోతుంది

ఇది మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చిన సమస్య. కారణాలు ఒకటి కాదు కాబట్టి వరసగా చూసుకుంటూ రావాలి.

మొదట కవరుకీ కుక్కకీ మధ్య దూరం. పది, పదిహేను మీటర్లు దాటితే కొత్త కుక్క ఆశ వదిలేస్తుంది. మరీ దగ్గరకొస్తే దారం మీదకి దూకుతుంది. మా మెషిన్ అంటే బోర్లించిన పాత సైకిల్. వెనక చక్రానికి టైరూ ట్యూబూ తీసేసి, ఆ గాడిలోకి దారం చుట్టుకునేలా చేశాం. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18. రిమ్ము చుట్టుకొలత రెండు మీటర్లు. అంటే పెడల్ ఒక్కసారి తిప్పితే దారం 4.9 మీటర్లు లోపలికొస్తుంది. గంటకి 50 కిలోమీటర్లు అందుకున్న విప్పెట్ ముందు కవరు నిలవాలంటే సెకనుకి దగ్గరదగ్గర మూడు తిప్పులు తిప్పాలి, అదీ పదమూడు సెకన్ల పాటు. మా బావ ఎనిమిదో సెకనుకే చేతులెత్తేశాడు. కవరు నెమ్మదించింది, పిచ్చుక దాన్ని 120 మీటర్ల దగ్గరే పట్టేసుకుంది. అలా నాలుగుసార్లు అయ్యేసరికి ఆట అక్కడితో అయిపోతుందని నేర్చుకుంది. ఆ తర్వాత కవరు ముందుకి పోతున్నా సరిగ్గా అదే చోట ఆగేది. మేమేమో దానికి దమ్ము లేదనుకున్నాం.

పరిష్కారం: మళ్లీ 50 మీటర్లకి దించాం. అక్కడ ఆగకుండా చివరి గీత దాటేదాకా వారం, తర్వాత 80, తర్వాత 120. పూర్తి దూరానికి మాత్రం కారు స్టార్టర్ మోటారు, 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకున్నాం. చేతి మెషినే వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. పెడల్ ఆపినా ఫ్రీవీల్ వల్ల చక్రం తిరుగుతూనే ఉంటుంది, దారం వదులై జడలు కడుతుంది. వెనక బ్రేకు పీకేయకండి. పాత సైకిళ్ల కడ్డీ బ్రేకు రిమ్ముని లోపలి నుంచి పడుతుంది కాబట్టి టైరు లేకపోయినా పనిచేస్తుంది.

రెండోది నేల. కోతలైన వరిమడి చూడటానికి మైదానంలా ఉంటుంది గానీ కొయ్యకాళ్లు అరికాళ్లలో దిగుతాయి. ఒకసారి గుచ్చుకున్న కుక్క రెండోసారి ఆచితూచి అడుగేస్తుంది. పైగా మన దగ్గర వరి తర్వాత ఆ తేమ మీదే మినుము, పెసర చల్లేస్తారు. మొలక కనపడకపోయినా విత్తనం పడి ఉండొచ్చు. రైతునడగకుండా మడిలో దిగితే కుక్క సమస్యకంటే పెద్ద సమస్య వస్తుంది. చంపావతి నది ఇసుకలో ప్రయత్నించాం. పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోయి కండరాలు పట్టేస్తాయి, వద్దు. మాకు కలిసొచ్చింది పశువులు మేసి పొట్టిగా చేసిన గడ్డినేల. చింతపల్లి బీచ్‌లో పోటు తీసినప్పుడు గట్టిపడే తడి ఇసుక కూడా బాగుంటుంది, వలలూ పడవలూ లేని చోటు చూసుకుంటే.

ఈ రెండూ సరిగానే ఉండి, నిన్నటిదాకా బాగా పరుగెత్తిన కుక్క ఇవాళ ఆగిపోతుంటే పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాల్సినవి తెల్లబారి ఉంటే మెషిన్ సంగతి మర్చిపోయి డాక్టరు దగ్గరకి వెళ్లండి. పిచ్చుకకి రెండో ఏడు డిసెంబరులో ఇదే జరిగింది. తిండి తింటోంది, తోక ఊపుతోంది, వంద మీటర్లకే నడకలోకి దిగిపోతోంది. ఒక చోట చూపిస్తే బలానికి సిరప్ రాసి పంపేశారు. మూడు వారాలు అలా పోయాయి. చివరికి రక్తపరీక్ష చేయిస్తే టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుడితే వచ్చే ఎర్లీకియా. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాల్సి వచ్చింది, ఆ సీజనంతా పోయింది. పశువులు మేసే నేల మీద పరుగెత్తించేవాళ్లం కాబట్టి పిడుదులు తప్పవు. ఇంటికి రాగానే చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక కింద వేలితో తడిమి చూడటం ఇప్పుడు నాకు చెప్పులు విప్పడంలాంటి అలవాటు. పిడుదుల మందు నెల తప్పకుండా వేయిస్తున్నాను. పెద్ద పరీక్షలు కావాలంటే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, మనకి అదో వెసులుబాటు.

వదలగానే గిరుక్కున వెనక్కి తిరుగుతుంది

మీరు దాన్ని తప్పుగా పట్టుకుంటున్నారు. మెడపట్టీ పట్టుకుని వదిలితే తల పక్కకి లాగినట్టై కుక్క మీ వైపే చూస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పొత్తికడుపు కింద పెట్టి, ముక్కు కవరు వైపు ఉండేలా పట్టుకోవాలి. కవరు కదిలి నాలుగైదు మీటర్లు పోయాక రెండు చేతులూ ఒకేసారి తీసేయాలి. నెట్టకూడదు. పూర్వం ఇంగ్లండ్‌లో స్లిప్పర్ అనే మనిషి కుక్కని ఒక చేత్తో మెడ దగ్గర, ఇంకో చేత్తో తోక మొదట్లో పట్టుకుని ముందుకి విసిరేవాడు. అది చదివి మా బావ ఉత్సాహపడ్డాడు. నేను పడనివ్వలేదు.

కవరుని వదిలేసి పక్క కుక్కతో ఆడుతుంది

ఒంటరిగా కవరు వెనక ఆగకుండా పోవడం రాకముందే జతగా వదిలితే ఇంతే. ఒక్కదాన్నే పది పన్నెండు సార్లు గీత దాటించాక, ఆటలో ఆరితేరిన కుక్క ఒకటి, మీది ఒకటి, అంతే వదలండి. రెండు కొత్తవాటిని కలిపి వదలొద్దు. వదిలే ప్రతిసారీ మూతికి చిక్కం ఉండాలి. కోపం ఉన్న కుక్కకే చిక్కం అనుకుంటారు గానీ, గీత దాటాక కవరు మీద కొట్లాటలో ఒక పన్ను తగిలినా చాలు, ఈ జాతి పల్చటి చర్మం కాగితంలా చిరుగుతుంది. ఎద్దుకి కట్టే తాటాకు చిక్కంలాంటిది కాదు, నోరు తెరిచి రొప్పడానికి వీలుండే ప్లాస్టిక్ తీగల బుట్ట.

చర్మం సంగతి వచ్చింది కాబట్టి దారం గురించి. వలల కొట్లో తంగూసు చవకగా దొరుకుతుంది. కొనొద్దు. లాగుతున్న తంగూసు కాలికి చుట్టుకుంటే కోసేస్తుంది. అల్లిన నైలాన్ దారమే తీసుకోండి, దానికీ మీ చేతులు, పిల్లల కాళ్లు దూరంగా ఉంచండి. గీత దాటాక ఇంకో ముప్పై మీటర్లు ఖాళీ నేల ఉండాలి. గట్టు, ముళ్లకంచె, సర్కారు తుమ్మ ఉన్న వైపు గీత పెట్టకండి.

కుంటుతోంది

పరుగయ్యాక వెంటనే కుంటితే ముందు గోళ్లు, తర్వాత అరికాలి మెత్తలు, తర్వాత వేళ్ల మధ్య పొర. ముల్లు గానీ, విరిగిన గోరు గానీ కనపడుతుంది. కాళ్లలో ఏమీ లేకపోతే తొడ లోపలి వైపు రెండు పక్కలా ఒకేసారి తడమండి. ఒక పక్క గడ్డలా, వేడిగా అనిపిస్తే కండరం చిరిగింది, డాక్టరుకి చూపించాల్సిందే. మరునాడు మాత్రమే బిగుసుకుని, నడిచేకొద్దీ సర్దుకుంటే మీరు ముందురోజు ఎక్కువసార్లు వదిలారు. మేం ఒక ఉదయం మూడుసార్లు మించం, వారానికి రెండు రోజులు మించం. మొదటిదానికి ముందు పది నిమిషాల నడక తప్పదు. డిసెంబరు మంచులో వీటికి వణుకొస్తుంది, ఒంట్లో కొవ్వు ఉండదు కదా. మా అమ్మ పాత శాలువా పిచ్చుకదే ఇప్పుడు.

మనం వేసుకునే నొప్పి మాత్రలు ఇవ్వకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కని చంపగలవు.

రొప్పు తగ్గడం లేదు, తూలుతోంది

వడదెబ్బ. మార్చి మధ్యకే మా మెషిన్ షెడ్డులోకి వెళ్లిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ ఎండ ఎక్కకముందే. మన కోస్తాలో ఎండకంటే ఉక్క మోసం చేస్తుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పుతోనే వేడి పోవాలి, గాలిలో తేమ ఎక్కువైతే అదీ పోదు. నీడలో పది నిమిషాలైనా రొప్పు తగ్గకపోయినా, చిగుళ్లు ఎర్రగా కందినా, అడుగు తడబడినా ఒళ్లంతా తడిసేలా నీళ్లు పోయండి, పొట్ట కింద, తొడల మధ్య ఎక్కువగా. ఆగకుండా విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. చల్లబరుస్తూనే డాక్టరు దగ్గరకి బయల్దేరండి.

కక్కుకుంటే మాత్రం కారణం చాలాసార్లు పొద్దున పెట్టిన తిండి. రాత్రి తిండి తర్వాత పరుగయ్యేదాకా ఏమీ పెట్టొద్దు. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా.

మూత్రం కాఫీ రంగులో వచ్చింది

ఇంకేమీ ఆలోచించకండి. శక్తికి మించి పరుగెత్తినప్పుడు కండరం కరిగి ఆ రంగు మూత్రంలోకి దిగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నడుము, వెనక కాళ్లు బిగుసుకుని నడవలేకపోతుంది. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి, సెలైన్ ఎక్కించాలి. తెల్లారాక చూద్దామనుకోవద్దు.

పిలిస్తే రాదు

మేకల మందో, ఊరకుక్కో కనపడితే విప్పెట్ చెవులు మూసుకుపోతాయి. దీన్ని మాటతో సరిచేయాలని నెలలు వృథా చేశాను. గీత దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, కవరు ఆగగానే కుక్క దాని మీదే ఉంటుంది, అప్పుడే మెడపట్టీ పట్టుకోవాలి. పట్టుకున్నాక కవరుని లాక్కోకుండా కాసేపు ఉంచనివ్వాలి. లాక్కుంటే తర్వాతిసారి ఎత్తుకుని పారిపోతుంది.

"కుక్కకి తిండెట్టవేటి బావూ?"

ఇది కుక్కలో కనపడే లక్షణం కాదు, వీధిలో కనపడేది. ఆరోగ్యంగా ఉన్న విప్పెట్‌కి చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడాలి, వీపు మీద ఎముక చేతికి తగలాలి, తొడ మాత్రం కండతో నిండుగా ఉండాలి. తొడ కూడా ఎండితే నిజంగానే తిండి చాల్లేదు, లేదా కడుపులో పురుగులున్నాయి. మా ఎదురింటి పెద్దమ్మకి ఇదంతా చెప్పి చూశాను. ఆవిడ వినలేదు. ఆదివారం ఆదివారం ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి గేటు సందులోంచి పెడుతుంది. "పరుగున్న రోజు మాత్రం తొమ్మిది దాటాక పెట్టండి పెద్దమ్మా" అని ఒప్పించాను. ఇప్పుడు పిచ్చుక తొమ్మిదింటికి గేటు దగ్గర కూర్చుంటుంది.