ఊరుకాని ఊళ్లో ఎవరో ఆదుకుంటే: టూర్‌లో ఉన్న కళాకారులు తెలుసుకోవాల్సినవి

టూర్‌లో ఉన్న బృందానికి ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి అందే సాయం ఎక్కువగా ఇలా ఉంటుంది: రాత్రికి పడక, బండిలో చోటు, అరువు వాయిద్యం, పాడైన సామాను బాగుచేసి పెట్టడం. సాయం చెయ్యాలని చాలామందికే ఉంటుంది. ఎంతమందికి, ఎంతసేపు, ఏం కావాలో తెలియక వెనక్కి తగ్గుతారు. అందుకే అవసరం ఎంతో లెక్కగా చెప్పడం మీ వంతు. సాయం చేసినందుకు వాళ్లు నష్టపోకుండా చూసుకోవడం కూడా మీ వంతే.

అడగడం

పడక కోసం స్టేజీ మీద నుంచి అడగాల్సి వస్తే విరామానికి ముందే అడగండి. చివర్లో అడిగితే జనం అప్పటికే బండి తాళాలు పట్టుకుని లేచి ఉంటారు, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి కనుక్కునే టైము ఉండదు. "మాకు ఎక్కడైనా చోటు దొరుకుతుందా" అని గాల్లోకి అడిగితే ఎవరూ కదలరు. "ఈ ఒక్క రాత్రికే. నలుగురం. ఇద్దరం నేల మీద పడుకుంటాం. పొద్దున తొమ్మిదికల్లా వెళ్లిపోతాం. విరామంలో నేను ఈ తలుపు పక్కనే నిలబడి ఉంటాను" అనండి. విన్నవాళ్లు తమ ఇల్లు సరిపోతుందో లేదో కూర్చున్నచోటే తేల్చుకోగలుగుతారు.

ఎవరైనా సరే అన్నాక మొదట చెప్పాల్సింది ఎన్నింటికి వస్తారో. ఎక్కువగా మాట చెడేది ఇక్కడే. "పదింటికి అయిపోతుంది" అని మీరంటే పదిన్నరకు గుమ్మంలో ఉంటారని వాళ్లు అనుకుంటారు. వైర్లు చుట్టి, సామాను బండికెక్కించి, డబ్బుల లెక్క చూసుకుని బయటపడేసరికి ఇంకో గంటన్నర పడుతుంది. పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లాల్సిన మనిషి మీకోసం లైటు వేసుకుని కూర్చుంటారు. అందుకని ప్రోగ్రామ్ ముగిసే టైముకు గంటన్నర కలిపి, దానికి ప్రయాణం కూడా కలిపి చెప్పండి. బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్ పెట్టండి. వచ్చే టైము చెప్పేటప్పుడే పెంపుడు జంతువులున్నాయా, మీలో ఎవరికైనా అలర్జీ ఉందా, మెట్లెన్ని, వ్యాన్ ఎక్కడ పెట్టాలి అన్నవీ తేల్చుకోండి.

వాయిద్యాలు ఇంట్లోకి తేవచ్చా అని తప్పకుండా అడగాలి. ఎండలో ఆపిన బండిలో వేడి 60 డిగ్రీల దాకా పోవచ్చు. వయొలిన్ లాంటి వాటిని అతికించే, జంతువుల చర్మంతో చేసే చర్మపు జిగురు దాదాపు ఆ వేడికే మెత్తబడి అతుకులు విడిపోతాయి. చలిలోంచి వెచ్చని గదిలోకి తెస్తే పెట్టె వెంటనే తెరవకండి, గంటసేపు మూసే ఉంచండి. లేకపోతే చల్లని చెక్క మీద చెమ్మ పడుతుంది, పాలిష్ పగుళ్లు తీస్తుంది.

వాళ్లింట్లో

ఇల్లిచ్చినవాళ్లు పరుపుతోపాటు కాసేపు కబుర్లు కూడా కోరుకుంటారు. మీకేమో నిద్ర ముంచుకొస్తుంటుంది. నలుగురూ ఒకేసారి గదిలోకి పోయి తలుపేసుకుంటే వాళ్ల మనసు చివుక్కుమంటుంది. దీనికి మేం చూసినవాటిలో పనికొచ్చే పద్ధతి ఒక్కటే: రాత్రికొకరు చొప్పున వంతు వేసుకోండి. ఆ రాత్రి వంతు వచ్చినవాళ్లు అరగంట హాల్లో కూర్చుని మాట్లాడతారు, మిగతావాళ్లు పడుకుంటారు. తెల్లారి బండి నడపాల్సిన మనిషికి మాత్రం ఆ వంతు వెయ్యకండి.

తువ్వాలు, దుప్పటి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మీవే తెచ్చుకోండి. ఇంటివాళ్లు ఎన్నింటికి స్నానానికి వెళ్తారో రాత్రే అడగండి. మనిషికి పది నిమిషాలంటే నలుగురికి నలభై, ఆలోపు వేడినీళ్లు అయిపోవచ్చు. వెళ్లేముందు వాడిన దుప్పట్లన్నీ తీసి ఒకేచోట పెట్టండి, మీ చెత్త మీరే తీసుకెళ్లండి. మంచం కింద, కరెంటు ప్లగ్గుల దగ్గర ఒకసారి చూసుకోండి. మర్చిపోయిన చార్జర్‌ను పార్సిల్ చేసి పంపే పని వాళ్ల నెత్తిన పడుతుంది.

డబ్బు వద్దంటే ఒక్కసారి అడిగి ఊరుకోండి, మళ్లీమళ్లీ చేతిలో కుక్కడం అవమానంగా అనిపిస్తుంది. మరుసటి ప్రోగ్రామ్‌కి రెండు పాసులు ఇస్తామని చెప్పడం మేలు. ఇస్తామంటే పేర్లు ఎలా రాస్తారో అడిగి, ముందే గేటు దగ్గర ఇచ్చేయండి. గేట్లో పేరు లేక నిలబడిపోతే మీరు చేసిన మర్యాదంతా అక్కడే పోతుంది.

అరువు వాయిద్యం

ఎవరైనా ఆంప్, అంటే గిటార్ లాంటి వాటి శబ్దాన్ని పెంచే పెట్టె, ఇస్తే చెయ్యి పెట్టకముందే నాబ్‌లన్నీ కనిపించేలా ఒక ఫోటో తీయండి, తిరిగిచ్చేటప్పుడు అన్నీ అదే చోటికి తిప్పండి. గాజు ట్యూబులతో పనిచేసే ట్యూబ్ ఆంప్ అయితే స్పీకర్ తగిలించకుండా ఆన్ చెయ్యకూడదు, లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. డ్రమ్స్ అరువు తీసుకున్నా స్నేర్ (చిన్న డ్రమ్ము), సింబల్స్ (లోహపు పళ్లేలు), పెడల్, కర్రలు మీవే ఉండాలి. ఎక్కువగా పగిలేవి, అరిగేవి అవే, వాటిని అడగడం పద్ధతి కాదు. అరువు గిటార్‌పై తీగ తెగితే ఆ ఒక్క తీగే మార్చి ఇవ్వకండి, మొత్తం సెట్ మార్చండి. ఇచ్చినవాళ్ల ముందే వాయించి చూపించి అప్పగించండి. ఏదైనా దెబ్బ తగిలితే వాళ్ల కంట పడకముందే మీరే చెప్పండి.

మంచి మనసుతో చేసే రిపేరు దగ్గర మాత్రం జాగ్రత్త. వాయిద్యం చెక్క పగిలిందనగానే ఎవరో ఒకరు సూపర్‌గ్లూ తెచ్చిస్తారు. వద్దనండి. ఆ జిగురు ఒకసారి చెక్కలోకి ఇంకితే తర్వాత నిపుణులు వాడే చర్మపు జిగురు అక్కడ పట్టదు. వాళ్లు నొచ్చుకోకుండా, "దీన్ని అతికించకుండా కదలకుండా కట్టాలి, మెత్తటి గుడ్డ ఉందా" అని అడగండి, ఆ సాయం నిజంగా పనికొస్తుంది. వయొలిన్ లోపలి చిన్న కర్ర, అదే సౌండ్‌పోస్ట్, పడిపోతే వెంటనే తీగలన్నీ వదులు చేసేయండి. పైచెక్కకు ఆసరా అదే. అది లేకుండా తీగల బిగువు మీద పడితే చెక్క కుంగి పగులుతుంది. దాన్ని నిలబెట్టే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

గొంతు పోయినప్పుడూ ఇంతే. వేడినీళ్లు, ఆవిరి ఇస్తే సంతోషంగా తీసుకోండి. పేరు తెలియని మాత్ర మాత్రం మింగకండి. ఆస్పిరిన్ రక్తాన్ని పలచబరుస్తుంది, అలిసిన స్వరతంత్రుల్లో రక్తస్రావమయ్యే ప్రమాదం పెంచుతుంది. గుసగుసగా మాట్లాడినా గొంతుకు శ్రమే కాబట్టి, కాగితం మీద రాసి చూపించండి.

వద్దనడం

ప్రతి సాయానికీ సరే అనక్కర్లేదు. బృందంలో ఒక్కరికి మనసొప్పకపోయినా, కారణం అడక్కుండా అందరూ ఆగిపోవాలని టూర్ మొదట్లోనే అనుకోండి. ఒంటరిగా ఎవరి బండీ ఎక్కకండి. లైవ్ లొకేషన్ బయట ఒకరికి పంపండి. ఒక రాత్రి గదికి సరిపడా డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచండి. అది చేతిలో ఉంటేనే వద్దనడానికి ధైర్యం వస్తుంది.

తర్వాత

రెండు రోజుల్లోపు కృతజ్ఞత చెప్పండి, ఏం చేశారో పేరుపెట్టి చెప్పండి. "అన్నిటికీ థ్యాంక్స్" అంటే ఎవరికి పంపినా సరిపోయే మాటలా ఉంటుంది. "ఆ రాత్రి ఒంటిగంటకు మీరు తలుపు తీశారు" అంటే అది వాళ్లకే చెందుతుంది. ఫోటో పెట్టేముందు అడగండి, ఇంటి ముందుభాగం కనిపించే ఫోటో పెట్టనే వద్దు.

బృందానికి ఒక నోటుబుక్కు ఉండాలి. ఊరు, పేరు, ఏం ఇచ్చారు, పిల్లల పేర్లు, ఆ ఇంటి నియమాలు అందులో రాయండి. మనుషులు మారినా పుస్తకం బృందంతోనే ఉండాలి. మళ్లీ ఆ ఊరు వెళ్తుంటే పడక అవసరం లేకపోయినా కొన్ని వారాల ముందే కబురు చేయండి. వేరే బృందం వాళ్లు ఆ ఇంటి నంబరు అడిగితే ఇచ్చేయకండి. ముందు ఇంటివాళ్లకు ఫోన్ చేసి, వచ్చేదెవరో, ఎంతమందో చెప్పి, వాళ్లు సరేనన్నాకే ఇవ్వండి.