ఒకే పేరు, రెండు గదులు: ఫన్‌కాల్ విసుగు తగ్గించే చిన్న మాక్రో

లిస్ప్ కుటుంబపు ప్రోగ్రామింగ్ భాషల్లో స్కీమ్ నుంచి కామన్ లిస్ప్‌కు వచ్చినప్పుడు నాకు అన్నిటికంటే విసుగు పుట్టించింది ఫన్‌కాల్, అంటే చరరాశిలో ఉన్న ఫంక్షన్‌ను పిలవడానికి రాయాల్సిన మాట. స్కీమ్‌లో పేరుకు ఒకటే చోటు. లిస్ట్ అని చరరాశి పెట్టుకుంటే ఆ పరిధిలో లిస్ట్ ఫంక్షన్ మరుగున పడుతుంది. కామన్ లిస్ప్‌లో ఫంక్షన్లకు ఒక గది, విలువలకు మరొక గది. 1988 నాటి పత్రంలో గాబ్రియెల్, పిట్‌మన్ ఈ పద్ధతులను లిస్ప్1, లిస్ప్2 అన్నారు. రెండో పద్ధతిలో బ్రాకెట్ తెరవగానే వచ్చే పేరును ఫంక్షన్ల గదిలోనే వెతుకుతారు. అందుకే పరామితిగా అందిన ఫంక్షన్‌ను నేరుగా పిలవలేము, ఫన్‌కాల్ పెట్టాలి.

ఒక పేరును రెండు గదుల్లోనూ ఉంచే మాక్రో (కోడ్‌ను రాసిపెట్టే కోడ్) ఇది. ఇందులో లెట్ పేరును విలువల గదిలో, ఫ్లెట్ ఫంక్షన్ల గదిలో పెడతాయి. (డెఫ్‌మాక్రో వంటి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. సొంత పేర్లు తెలుగులో ఉన్నా ఎస్‌బీసీఎల్ అనే కామన్ లిస్ప్ కంపైలర్ ఒప్పుకుంటుంది.)

(డెఫ్‌మాక్రో జంటగా ((పేరు విలువ) &బాడీ పని)
  (లెట్ ((మూట (జెన్‌సిమ్)))
    `(లెట్ ((,పేరు ,విలువ))
       (ఫ్లెట్ ((,పేరు (&రెస్ట్ ,మూట)
                (అప్లై ,పేరు ,మూట)))
         ,@పని))))

వాడకం:

(డెఫన్ రెండుసార్లు (చేయి క)
  (జంటగా (చేయి చేయి)
    (చేయి (చేయి క))))

(రెండుసార్లు #'1+ 5) అంటే 7 వస్తుంది. 1+ అంటే ఒకటి కలిపే ఫంక్షన్, #' దాన్ని విలువగా అందిస్తుంది.

ఎక్కడా వాడని కొత్త పేరును పుట్టించే జెన్‌సిమ్ ఎందుకంటారా? నేను మొదట &రెస్ట్ మూట అని నేరుగా రాశాను. చాలాకాలం బాగానే నడిచింది. ఒకరోజు నా ఫంక్షన్ పేరే మూట అయింది. అప్పుడు విస్తరణ (అప్లై మూట మూట)గా మారి, ఫంక్షన్ ఉండాల్సిన చోట జాబితా వచ్చి కూర్చుంది. ఒక సాయంత్రమంతా పోయింది. విస్తరణను చూపించే మాక్రోఎక్స్‌పాండ్-1 నడిపి ఉంటే ఒక్క నిమిషంలో తేలేది.

మరొక చిక్కు. లిస్ట్ అనే పేరుతో మామూలు లెట్ వాడితే తప్పు లేదు, కానీ (జంటగా (లిస్ట్ ...)) కుదరదు. ప్రామాణిక ఫంక్షన్ల పేర్లను ఫ్లెట్‌తో కప్పకూడదని నిబంధన. ఎస్‌బీసీఎల్ అయితే ప్యాకేజీ తాళం (ఆ పేర్లను మార్చనివ్వని రక్షణ) చూపించి ఆపేస్తుంది.

లోపలి ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ చరరాశినే చూస్తుంది కాబట్టి, మధ్యలో (సెట్ఎఫ్ చేయి #'1-) అని దాని విలువ మారిస్తే పిలుపు కూడా మారిపోతుంది. నాకు అదే నచ్చింది. మీకు వద్దనుకుంటే విలువను మరో జెన్‌సిమ్‌లో దాచి, అప్లైకి దాన్నే ఇవ్వండి.