బేస్ గిటార్‌లో హమ్, బోలు ధ్వని, గరగర: సమస్యలు, పరిష్కారాలు

బేస్ గిటార్‌లో వినిపించే ప్రతి అవాంఛిత శబ్దమూ లోపం కాదు. కొన్ని ఆ వాద్యపు డిజైన్‌లోనే ఉంటాయి, కొన్ని తెగిన వైరు వల్లో అరిగిన భాగం వల్లో వస్తాయి. ఈ రెండింటినీ వేరు చేయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు. ముందుగా కేబుల్ మార్చి చూడండి, వీలైతే వేరే యాంప్లిఫయర్‌కు కలిపి చూడండి. అప్పటికీ సమస్య అలాగే ఉంటేనే దాన్ని గిటార్‌లో వెతకాలి.

సమస్య: రెండు పికప్‌లూ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) పూర్తిగా తెరిచినప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది, ఒకదాని వాల్యూమ్ తగ్గించగానే హమ్ (గుయ్‌మనే శబ్దం) మొదలవుతుంది.

1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్ తరహా వాద్యాల స్వభావమే ఇది. వాటిలో ఉండేవి రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే ఒక్కోదానిలో ఒకే వైరు చుట్ట (కాయిల్) ఉంటుంది. చాలా వాటిలో రెండో కాయిల్ చుట్టిన దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ తిప్పి అమర్చుతారు కనుక, రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నంతసేపు హమ్ పరస్పరం రద్దయి, తీగల ధ్వని మాత్రం కలిసి వస్తుంది; ఒకటి తగ్గితే ఆ సమతౌల్యం చెదురుతుంది. 1957 నుంచి ఫెండర్‌వారి మరో వాద్యమైన ప్రెసిషన్ బేస్‌లో వాడుతున్న స్ప్లిట్ కాయిల్ ఇదే పనిని ఒక్క పికప్‌లోనే చేస్తుంది: ఒక సగం లావు తీగలు రెండింటికి, మరో సగం సన్న తీగలు రెండింటికి. జాజ్ బేస్‌లో ఒక్క పికప్‌తోనే వాయించవలసిన వారికి, అదే పరిమాణంలో దొరికే హమ్ రద్దు చేసే పికప్‌లే సరైన మార్గం. లోపలి గుంటలకు రాగి రేకు అంటించడం మంచిదే కానీ, అది చిరచిరలాడే బజ్‌ను తగ్గిస్తుందే తప్ప ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే హమ్‌ను ఆపలేదు. ఆ హమ్‌కు యాంప్లిఫయర్ నుంచి కొంచెం దూరం జరగడం, నిలబడిన దిశ మార్చడం ఎక్కువ ఉపయోగపడతాయి.

సమస్య: తీగలను తాకితే బజ్ ఆగుతుంది, చేయి తీయగానే మళ్లీ వస్తుంది.

ఎర్త్ వైరు బాగానే ఉందని దీని అర్థం, లోపించినది షీల్డింగ్, అంటే పైన చెప్పిన రాగి రేకు లాంటి కవచం. అలా కాక, జాక్ లోహాన్ని తాకితే ఆగి తీగలను తాకితే ఆగకపోతే, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలను నిలిపే లోహ భాగం) కింద ఉండే ఎర్త్ వైరు ఊడిందన్నమాట. దాన్ని బ్రిడ్జికి గట్టిగా తగిలేలా తిరిగి అమర్చాలి. తీగలను తాకినప్పుడు ఏ మాత్రం షాక్ తగిలినట్టు అనిపించినా వాయించడం ఆపి యాంప్లిఫయర్ ప్లగ్ తీసేయండి. అది గిటార్ సమస్య కాదు, విద్యుత్ ఎర్తింగ్ సమస్య, ప్రాణాంతకం కావచ్చు.

సమస్య: రెండు పికప్‌లూ తెరిస్తే ధ్వని బోలుగా మారి, బృందంలో వినిపించకుండా పోతుంది.

ఒకే తీగ కంపనాన్ని రెండు చోట్ల గ్రహించడం వల్ల మధ్యస్థాయిలోని కొన్ని స్వరాంశాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక వాల్యూమ్‌ను కొద్దిగా వెనక్కి తిప్పితే మధ్యస్థాయి తిరిగి వస్తుంది, బదులుగా కాస్త హమ్‌ను భరించాలి. నా మట్టుకు నాకు ఈ బేరం లాభసాటిగానే తోస్తుంది. అయితే విడివిడిగా నిండుగా పలికే పికప్‌లు కలిసినప్పుడు మంద్రమే మాయమైతే అది వైరింగ్ తప్పు. ఒక పికప్ రెండు వైర్లనూ తారుమారు చేసి సోల్డర్ చేయాలి.

సమస్య: ధ్వని మొద్దుబారింది.

ముందు తీగల వయసు చూడండి. పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌లో టోన్ నాబ్ దేన్నీ పెంచలేదు. సాధారణంగా 250 కిలో ఓమ్‌ల పాట్ (నాబ్ కింద ఉండే, నిరోధాన్ని మార్చే భాగం), 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా పై స్థాయి ధ్వనిని ఎర్త్‌కు పంపుతుంది, అంతే. పొడవైన కేబుల్ కూడా ఒక చిన్న కెపాసిటర్‌లాగే పనిచేస్తుంది కాబట్టి పొట్టి కేబుల్ వాడి తేడా వినండి.

సమస్య: యాక్టివ్ గిటార్ ధ్వని చీలుతోంది, లేదా క్రమంగా సన్నగిల్లుతోంది.

1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లాగా, లోపలే ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) ఉన్న ఈ తరహా వాద్యాలు బ్యాటరీ మీద ఆధారపడి ఉంటాయి. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ 9 వోల్ట్‌ల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాయించడం అయ్యాక కేబుల్ తీసేయాలి. పాసివ్ స్విచ్ ఉంటే అటు మార్చి చూడండి: ధ్వని శుభ్రంగా వస్తే పికప్‌లు నిర్దోషులు, బ్యాటరీనో ప్రీయాంప్‌నో అనుమానించాలి.

సమస్య: ఒక తీగ మాత్రమే తక్కువగా పలుకుతోంది, లేదా పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి ఊగుతోంది.

పికప్ ఎత్తే కారణం. చివరి ఫ్రెట్ వద్ద తీగను నొక్కి, లావు తీగ కింద సుమారు 3 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2.5 మిల్లీమీటర్ల ఖాళీతో మొదలుపెట్టి, చెవితో సరిచేసుకోండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి, శ్రుతి నిలవనివ్వదు.

సమస్య: నాబ్ తిప్పితే గరగర, లేదా ఒక పికప్ పూర్తిగా మూగబోయింది.

గరగరకు పాట్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పలుమార్లు తిప్పితే చాలు; తగ్గకపోతే పాట్ మార్చండి. మూగబోయిన పికప్ వైర్లను ముందు విడదీసి, మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. కొన్ని వేల ఓమ్‌లు చూపితే కాయిల్ బాగానే ఉంది, లోపం సోల్డర్‌లోనో పాట్‌లోనో ఉంది. మీటర్ అనంత నిరోధం (OL) చూపితే కాయిల్ తెగింది, పికప్‌ను తిరిగి చుట్టించాలి లేదా మార్చాలి.