యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలితే ఏయే పద్దుల కింద నష్టపరిహారం అడగొచ్చు?

ఎవరో నిర్లక్ష్యంగా బండి నడిపి గుద్దితే కాలో చెయ్యో విరిగినవాళ్లు చాలామంది ఆస్పత్రి బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లి, "ఈ ఖర్చులు వస్తే చాలు సార్" అంటారు. చాలవు. చట్టం ప్రకారం మీకు రావాల్సిన దాంట్లో బిల్లుల డబ్బు ఒక భాగమే, అదీ చాలా కేసుల్లో చిన్న భాగం. శాశ్వత వైకల్యం మిగిలిన కేసుల్లో పెద్ద మొత్తం వచ్చేది మీ సంపాదించే శక్తి తగ్గిన పద్దు కింద. దానికి కావాల్సిన రుజువులు మీరు మంచం మీద ఉన్న రోజుల్లోనే పోగు చేయడం మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆర్నెల్లు పోయాక ఆ కాగితాలు దొరకవు, సాక్ష్యం చెప్పేవాళ్లూ దొరకరు.

ముందు గడువు సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 166 కింద మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో కేసు వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని ఏమీ లేదు, మీరు ఉంటున్న ఊరు ఏ ట్రైబ్యునల్ పరిధిలోకి వస్తే అక్కడ వేసుకోవచ్చు. వేరే జిల్లాలో దెబ్బ తగిలినవాళ్లు ఈ ఒక్క విషయం తెలియక ఎన్నిసార్లు బస్సెక్కి తిరుగుతారో. పోలీసులు కూడా ప్రమాదం గురించి మొదటి రిపోర్టును 48 గంటల్లో ట్రైబ్యునల్‌కీ, ఇన్సూరెన్స్ కంపెనీకీ పంపాలని రూల్స్ ఉన్నాయి, కానీ వాళ్లే పంపుతారులే అని కూర్చోకండి. ఎఫ్ఐఆర్ కాపీ, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టర్ ఇచ్చేది), ఎంవీఐ (మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, చార్జిషీట్ కాపీలు మీరే తీసుకుని ఒక సెట్ ఇంట్లో పెట్టుకోండి.

ఇక పద్దులు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు గాయాల కేసుల్లో ఏమేమి ఇవ్వాలో విడమరిచి చెప్పింది, ట్రైబ్యునళ్లు ఇప్పటికీ దాన్నే పట్టుకుని నడుస్తాయి. వైద్యం ఖర్చు, మందులు, ఆస్పత్రికి వచ్చిపోయే రవాణా, బలమైన ఆహారం ఇవన్నీ ఒక పద్దు. ఆటోకు రసీదు ఎవరూ ఇవ్వరు కాబట్టి ఏ తేదీన ఎక్కడికి వెళ్లారో, ఎంతైందో నోట్‌బుక్‌లో రాసుకోండి, డాక్టర్ చీటీ మీది తేదీలతో అది సరిపోలాలి. చికిత్స జరుగుతున్నన్నాళ్లు పనికి వెళ్లలేక పోయిన సంపాదన ఇంకో పద్దు. పడ్డ నొప్పికి, యాతనకు వేరే పద్దు ఉంది. చిన్న గాయాలైతే సాధారణంగా ఈ మూడింటితోనే అయిపోతుంది. గాయం పెద్దదై శాశ్వత వైకల్యం మిగిలితే ముందు ముందు తగ్గే సంపాదన, ముందు ముందు అయ్యే వైద్యం, ఇంతకుముందులా ఆడుకోవడం, నడవడం, మామూలుగా బతకడం పోయినందుకు, పెళ్లి అవకాశాలు దెబ్బతిన్నందుకు, ఆయుష్షు తగ్గినందుకు కూడా అడగొచ్చు. పిటిషన్‌లో వీటిని పద్దు వారీగా విడివిడిగా రాయించండి, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే ఏది దేనికో తెలియక జడ్జి కూడా ఉజ్జాయింపుగా పోవాల్సి వస్తుంది. మీరు తక్కువ అడిగారని ట్రైబ్యునల్ అంతకే పరిమితం కావాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, అయినా అడగడం మీ వంతు.

అసలు విషయం ముందు ముందు తగ్గే సంపాదన, దీని మీద కాసేపు ఆగుదాం. డిజెబిలిటీ సర్టిఫికెట్‌లో 30 శాతం అని రాసి ఉంటే సంపాదన కూడా 30 శాతమే తగ్గిందని అనుకోకూడదు. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. ఇది సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ తీర్పులో ఇచ్చిన ఉదాహరణే. అంటే ట్రైబ్యునల్ చూసేది శరీరంలో ఎంత పోయింది అన్నదొక్కటే కాదు, ఆ శరీరంతో మీరు ఏ పని చేసేవారు, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారు అన్నది.

లెక్క ఎలా వేస్తారో చూడండి. టైల్స్ వేసే మేస్త్రీ అనుకుందాం, వయసు 32, నెలకు 18,000 సంపాదన రుజువైంది, మోకాలు దెబ్బతిని కింద కూర్చోలేడు. సర్టిఫికెట్ 30 శాతం అంటుంది, కానీ కూర్చోకుండా టైల్స్ పని జరగదు కాబట్టి ట్రైబ్యునల్ సంపాదన నష్టాన్ని 40 శాతంగా తీసుకుందనుకుందాం. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తులో ఆదాయం పెరిగేది అన్న లెక్కన 40 శాతం కలుపుతారు, కాబట్టి 18,000 కాస్తా 25,200 అవుతుంది. ఏడాదికి 3,02,400. అందులో 40 శాతం 1,20,960. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు మల్టిప్లయర్ (వయసును బట్టి ఏడాది నష్టాన్ని గుణించే అంకె) 16, అది 2009 నాటి సరళావర్మ తీర్పులోని పట్టిక. గుణిస్తే 19,35,360 రూపాయలు, ఈ ఒక్క పద్దు కిందే. ఇప్పుడు ఇదే మేస్త్రీ తన సంపాదనకు ఒక్క కాగితం కూడా చూపించలేకపోయాడు, ట్రైబ్యునల్ తన అంచనాతో నెలకు 10,000 వేసుకుంది. అదే లెక్క 10,75,200 దగ్గర ఆగిపోతుంది. గాయం అదే, మోకాలూ అదే, ఎనిమిది లక్షలకు పైగా తేడా వచ్చింది రుజువు దగ్గరే. గాయాల కేసులో సొంత ఖర్చుల కింద మూడో వంతు కోయరు, అది చనిపోయిన కేసుల్లో పద్ధతి. ఎవరైనా కోస్తే అభ్యంతరం చెప్పించండి.

మరి జీతం చీటీ లేనివాళ్లు ఏం చూపాలి? బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫోన్‌కు వచ్చిన యూపీఐ డబ్బులు, కాంట్రాక్టర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, పని చేయించుకున్న ఇంటివాళ్లు. కాంట్రాక్టర్ ఒక తెల్లకాగితం మీద "నెలకు ఇంత ఇచ్చేవాడిని" అని రాసిస్తే ఆ కాగితం ఒక్కటే పెద్దగా నిలబడదు, అతను బోను ఎక్కి చెప్పాలి. డాక్టర్ విషయంలోనూ అంతే. సర్టిఫికెట్ ఫైల్లో పెట్టేస్తే అయిపోదు, దాన్ని ఇచ్చిన డాక్టర్‌నో, మీకు వైద్యం చేసిన డాక్టర్‌నో సాక్షిగా పిలిపించి, ఈ మనిషి కింద కూర్చోలేడు, బరువు ఎత్తలేడు అని ఆయన నోట చెప్పించాలి. ఇంటి పని చేసే గృహిణి అయితే "ఆవిడకు ఆదాయం లేదు కదా" అని ఎవరన్నా ఒప్పుకోకండి, ఆమె చేసే పనికి విలువ కట్టి లెక్క వేయాలని సుప్రీంకోర్టు 2021లో కీర్తి కేసులో గట్టిగా చెప్పింది.

మంచానికే పరిమితమైనవాళ్లకు తోడుమనిషి ఖర్చు తప్పకుండా అడగండి. మా అమ్మే చూసుకుంటోంది, దానికి డబ్బేంటి అని చాలామంది మొహమాటపడతారు. ఆ అమ్మ తన పని మానుకుని చేస్తున్న చాకిరీ అది. 2020లో కాజల్ కేసులో, 12 ఏళ్ల పిల్ల పూర్తిగా వికలాంగురాలైతే, సుప్రీంకోర్టు తోడుమనుషుల ఖర్చుకు కూడా మల్టిప్లయర్ పెట్టి లెక్క వేసింది, ఏదో ఒక గుండుగుత్త అంకె ఇచ్చి ఊరుకోలేదు.

నిర్లక్ష్యం రుజువు చేయడం కష్టమైతే సెక్షన్ 164 ఉంది. తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు. జాగ్రత్త, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన కేసు పోతుంది, కాబట్టి గాయం పెద్దదైతే తొందరపడి సంతకం పెట్టకండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే సెక్షన్ 161 కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. ఇది తక్కువే, నా ఉద్దేశంలో చాలా తక్కువ, కానీ వదులుకోవద్దు. 2025 మే నుంచి కేంద్రం తెచ్చిన స్కీమ్ కింద ప్రమాదం జరిగిన 7 రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స కూడా ఉంది, ఆస్పత్రిలో చేరిన రోజే అడగాలి.

మీకు వచ్చేది తగ్గే దారులు కూడా తెలిసి ఉండాలి. ప్రమాదంలో మీ తప్పు కూడా పాతిక శాతం ఉందని తేలితే మొత్తంలో పాతిక శాతం కోస్తారు. కానీ బండి మీద ముగ్గురు ఉన్నారు అన్నంత మాత్రాన కోయకూడదు, ఆ ముగ్గురు ఉండటం వల్లే ప్రమాదం జరిగిందనో, గాయం పెరిగిందనో చూపించాలి, ఇదీ 2020 నాటి సుప్రీంకోర్టు మాటే. మీరు ఆటోలో ప్రయాణికులై ఆటో, లారీ రెండూ తప్పు చేసి ఉంటే, ఇద్దరిలో ఎవరి మీదైనా మొత్తం పరిహారం కోసం వెళ్లొచ్చు, వాళ్ల వాటాలు వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. డ్రైవర్ మీది క్రిమినల్ కేసు కొట్టేశారని మీ క్లెయిమ్ దానంతట అది పోదు, ఇక్కడ కావాల్సిన రుజువు స్థాయి వేరు.

చాలా కేసులు చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అవుతాయి. అది మంచిదే, ఏళ్ల తరబడి టెన్షన్ తప్పుతుంది, లాయర్‌ను పెట్టుకోలేనివాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది కూడా. అయితే అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. అందుకే లోపల రాడ్డు ఉంటే అది తీయించడానికి మళ్లీ ఆపరేషన్ ఎప్పుడు, ఎంతవుతుంది అన్నది డాక్టర్ చేత రాయించుకుని, ఆ ఖర్చు రాజీ అంకెలో కలిసిందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.