మెయిల్లో ‘రివర్ట్’ అని రాసే ముందు

ఆఫీసు మెయిల్ చివర ‘ప్లీజ్ రివర్ట్’ అని రాసే అలవాటుందా? మన దేశంలో అయితే ‘జవాబివ్వండి’ అనే అర్థం చేసుకుంటారు, ఇబ్బంది లేదు. కానీ రివర్ట్ అంటే అసలు అర్థం మునుపటి స్థితికి వెళ్లడం. లీజు గడువు తీరాక స్థలం మళ్లీ ఓనరుకే చెందితే, అది ఓనరుకి రివర్ట్ అయిందంటారు. వికీపీడియాలో ఎవరో చెడగొట్టిన పేజీని పాత రూపానికి తెస్తే అదీ రివర్టే.

చిక్కంతా అమెరికా, బ్రిటన్ క్లయింట్లతోనే, వాళ్లు ఎక్కువగా ఈ అసలు అర్థమే తీసుకుంటారు. పైగా సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్‌లో చేసిన మార్పుల్ని దాచుకోవడానికి వాడే గిట్ అనే టూల్‌లో రివర్ట్ అని ఒక కమాండే ఉంది. అది కొడితే పాత కమిట్‌లో, అంటే అంతకుముందు ఒకసారి సేవ్ చేసినప్పుడు, చేసిన మార్పులు రద్దవుతాయి. ‘నిన్న పంపిన కోడ్ చూసి ప్లీజ్ రివర్ట్’ అని మెయిల్ పెడితే, ఆ కోడ్ తీసేయమన్నారని అవతలివాళ్లు అనుకున్నా తప్పు వాళ్లది కాదు!

దాని బదులు ‘ప్లీజ్ రిప్లై’ చాలు. కాస్త టైమ్ కావాలంటే ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు బై మండే’ అని రాయండి. ఇక ‘రివర్ట్ బ్యాక్’ మాత్రం ఏ అర్థంలోనూ వద్దు. వెనక్కి అన్నది రివర్ట్‌లోనే ఉంది, బ్యాక్ దండగ.